చుక్కల కోట

బుస్సుమ్, హాలెండ్
9 ఆగస్టు 1988

ప్రమోద వదినకు,

జయశ్రీ నమస్కారాలు. నాకు ఉత్తరం రాసి మూడు నెలలైంది కనుక నీ చేతులకు నొప్పులేమీ ఉండవని తలుస్తాను.

ముందు మంచి కబురు. అందుకే కాగితానికి నాలుగు మూలలా పసుపు రాశాను. ఇక్కడ ఇండోనేషియా వాళ్ళ కొట్లో దొరికింది. దొరగారి చిన్నబ్బాయి కూడా బడికి వెళ్తున్నాడు, ఇంక ఆయా అక్కర్లేదు. ఫిబ్రవరి నెలాఖరుకు టికెట్టు కొని నన్ను రంగూన్ పంపేస్తామన్నారు. మా ఆయన రేవులో చనిపోయిన ఏడాదికి వీళ్ళ వెంట ఈ దేశం వచ్చాను. అప్పుడు తాయారుకు నాలుగేళ్ళు. నా కూతుర్ని నీ ఒళ్ళో కూర్చోబెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చాను. దానికిప్పుడు ఏడు నిండాయి. పిల్లలు లేనిదానివి, బాగా అలవాటు పడి ఉంటావు. అయినా ఎవరి బిడ్డ వాళ్ళ దగ్గర ఉండటమే పద్ధతి కదా. ఇప్పటి నుంచే నెమ్మదిగా అలవాటు తప్పించు.

నిన్న దొరసాని మమ్మల్ని పక్కనే ఉన్న నార్డెన్ అనే ఊరు తీసుకెళ్ళింది. సైకిళ్ళ మీద అరగంట. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేశాం. ఊరంతా ఒక కోట. చుట్టూ రెండు వరసల నీళ్ళ కందకం, మధ్య మట్టిగోడలు, వాటి మీద మోకాలెత్తు గడ్డి. గోడ తిన్నగా పోదు, ఆరు చోట్ల కొమ్ములా ముందుకు పొడుచుకొస్తుంది. ఎందుకలా అని అడిగితే, శత్రువు ఏ మూల నక్కినా ఏదో ఒక పక్క నుంచి కనపడతాడని దొరసాని చెప్పింది. లోపల చూస్తే చిన్న చిన్న ఇళ్ళు, కిటికీల్లో పూలకుండీలు, కుక్కను పట్టుకుని తిరుగుతున్న ఒక ముసలాయన. అంత కోటా ఆ ముసలాయన్నీ ఆ కుక్కనూ కాపాడటానికే కట్టినట్టుంది. నేను గోడ మీద గడ్డిలో కూర్చుని బంగాళాదుంప వేపుడు తిన్నాను. మూడేళ్ళలో ఇంత హాయిగా ఉన్న రోజు లేదు.

తాయారుకు ముగ్గులు నేర్పుతున్నానని అప్పుడెప్పుడో రాశావు కదా. దాని కోసం ఆ కోటను చుక్కల ముగ్గుగా వేసి ఈ కాగితం వెనకవైపే పెట్టాను. చుక్కలు కలుపుకుంటూ పోతే ఆరు కొమ్ముల కోట వస్తుంది. ఎక్కడ లోపలికి వెళ్ళామో, ఎక్కడ ఫిరంగి ఉందో, ఎక్కడ అమ్మ కూర్చుందో బాణం గుర్తులు పెట్టాను. నువ్వు చెయ్యి పట్టుకుని వేయించకు. దాన్నే వేయనీ.

జయశ్రీ


అహ్లోన్, రంగూన్
10 సెప్టెంబరు 1988

జయశ్రీకి,

నీ ఉత్తరం చేరిన మర్నాడే తపాలా వాళ్ళూ సమ్మెలో దిగారు. మన వీధి దండాసి ఓడ మీద వెళ్తున్నాడు, దీన్ని సింగపూర్‌లో వేస్తాడు. ఇక మీద నువ్వు కూడా అక్కడ దండాసి బసకే రాయి, ఓడ ఇటు వచ్చినప్పుడు తనే తెస్తాడు. చిరునామా విడిగా పెట్టాను.

ఎనిమిదో తారీఖున గోడ మీద కూర్చుని వేపుడు తిన్నావన్నమాట. చాలా సంతోషం. అదే రోజు పొద్దున్న ఎనిమిదీ ఎనిమిది నిమిషాలకు బోటాటౌంగ్ రేవులో కూలీలంతా ఈ ప్రభుత్వం దిగిపోవాలంటూ పని ఆపి బయటికి నడిచారు. మీ అన్నయ్య గుమస్తా, కూలీ కాదు. అయినా వాళ్ళతో నడిచాడు. ఆ రాత్రి జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చాడు, ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఇంకెవరిదో. ఆ రెండోది ఎవరిదని అడిగితే కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. మీ ఇంటి వాళ్ళు ఎప్పుడూ ఇంతే, నన్నడిగి ఏదీ చేయరు.

ఇక నీ ముగ్గు సంగతి. తాయారు దాన్ని సరిగ్గా చూడనే లేదు, మీ అన్నయ్య లాక్కున్నాడు. ఇక్కడ జైళ్ళ తలుపులు తెరిచేశారు. ఊళ్ళో పోలీసన్నవాడు లేడు. బియ్యం మిల్లుల గిడ్డంగులు పట్టపగలే దోచుకుపోతున్నారు. నీళ్ళలో విషం కలుపుతున్నారని పుకారు పుట్టి ఎవరి బిందె దగ్గర వాళ్ళు కాపలా కూర్చుంటున్నాం. ప్రతి వీధికీ జనమే వెదురు కంచెలు కట్టుకుంటున్నారు. మన వీధి కంచె పని మీ అన్నయ్య నెత్తిన వేసుకున్నాడు. నీ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "ఇది ఏటనుకుంటున్నారు, మా సెల్లి ఆలండు నుంచి పంపింది. తిన్నగా కట్టకండి. ఇలాగ కొమ్ముల్లాగ ముందుకి తియ్యండి. ఎదవలు ఏ మూలన నక్కినా కనపడిపోతారు" అని అందరికీ పాఠం చెప్పాడు. బర్మా వాళ్ళు కూడా అన్నను పిలిచినట్టు "కో రఘు, కో రఘు" అంటూ వెంట తిరిగారు. వీధికి రెండు చివర్లా కొమ్ముల కంచెలు లేచాయి. పక్క వీధి కంచె దొంగలు రెండుసార్లు విరిచారు, మనది విరవలేకపోయారు. ఈ మాట నీకు చెప్పాలని లేదు, అయినా చెప్పాను.

ఫిబ్రవరిలో రావద్దు. ఇక్కడ ఏ రోజు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తాయారు బాగుంది. నన్ను అత్తా అనే పిలుస్తోంది, నువ్వు కంగారు పడకు.

ప్రమోద


బుస్సుమ్
1 అక్టోబరు 1988

వదినా,

నన్ను రావద్దనడానికి నువ్వెవరు? కన్నది నేను. టికెట్టు కొనేది దొరగారు, నువ్వు కాదు. ఊరు బాగాలేదని నాకు నువ్వు చెప్పాలా? ఊరు బాగాలేకపోతే నా కూతురు నా దగ్గర ఉండాలా, నీ దగ్గర ఉండాలా? అత్తా అనే పిలుస్తోందని రాసేటప్పుడు నీకు ఎంత కష్టంగా ఉందో అక్షరాల్లోనే తెలుస్తోంది.

పోయిన నెల పద్దెనిమిదిన సైన్యం గద్దెనెక్కిందని టీవీలో చెప్పారు. రంగూన్ వీధులు కాసేపు చూపించి ఫుట్‌బాల్ వేశారు. ఆ కాసేపట్లోనే, రోడ్డు మీద పడి ఉన్నవాళ్ళలో అన్నయ్య ఉన్నాడేమోనని తెరకు మొహం ఆనించి చూశాను. దొరసాని వచ్చి టీవీ కట్టేసింది.

ఒక సంగతి మొదటి ఉత్తరంలో రాయలేదు. తాయారుకు చదివి వినిపిస్తావు, అది భయపడుతుందని మానేశాను. నాలుగు వందల ఏళ్ళ కిందట ఆ నార్డెన్ మీదికి స్పెయిన్ సైన్యం వచ్చిందట. తలుపులు తీయండి, మిమ్మల్నేమీ చేయం అన్నారట. వీళ్ళు నమ్మి తీశారట. ఊళ్ళో వాళ్ళను ఒక గుడిలో పోగేసి చంపి, ఊరు తగలబెట్టారట. ఇప్పుడున్న గోడలు ఆ తర్వాత ఎప్పుడో కట్టినవి. దొరసాని ఈ కథ చెబుతున్నప్పుడు నా చేతిలో వేపుడు పొట్లం ఉంది. తింటూనే విన్నాను.

అన్నయ్యకు చెప్పు. ఆ కంచె పీకేయమను. నా కాగితం తగలబెట్టేయమను. మిమ్మల్నేమీ చేయం అని సైన్యం చెబితే నమ్మొద్దను, కొన్నాళ్ళు ఊరు వదిలి పొమ్మను. నా మాటగా చెప్పు. నీ మాటగా చెబితే వినడు.

జయశ్రీ


అహ్లోన్
5 నవంబరు 1988

జయశ్రీ గారికి,

తమరి హెచ్చరిక అందింది. అందేసరికి మీ అన్నయ్యను తీసుకుపోయి పదిహేడు రోజులైంది.

సైన్యం వచ్చిన రెండో రోజే జీపు మీద మైకు పెట్టి చెప్పారు, ఎవరి కంచె వాళ్ళే పీకేయండి, ఎవరినీ ఏమీ చేయం అని. పీకేశాం. మొదటి వెదురు లాగింది మీ అన్నయ్యే. ఆ స్పెయిన్ వాళ్ళ కథ నువ్వు ఆగస్టులోనే రాసి ఉంటే ఆయన ఆ మాట నమ్మేవాడు కాదు. ఆ రోజే మన వీధి వెంకట్రావు లారీ ఎక్కి ఊరు దాటేవాడు. పిల్ల భయపడుతుందని దాచావు. ఇంట్లోంచి మామయ్యను చేతులు విరిచి కట్టి తీసుకుపోతుంటే పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇప్పుడు భయపడటం లేదనుకుంటున్నావా?

కొమ్ముల కంచె వెనక ఎవరి బుర్ర ఉందని వీధిలో వాకబు మొదలైంది. ఇళ్ళు సోదా చేస్తున్నారని తెలిసి నీ ఉత్తరాలన్నీ పొయ్యిలో పెట్టాను. మూడేళ్ళవీ పెట్టాను, ఏమీ అనిపించలేదు. ఆఖరిదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాలుగు మూలలా పసుపు. పసుపు రాసిన కాగితాన్ని నిప్పులో ఎలా పెట్టను? చావు కబురైతే గుమ్మం బయటే చింపి పారేసేదాన్ని. మంచి కబురును కాల్చకూడదని మా నాన్న ధర్మరాజు మాస్టారు అక్షరాలతో పాటు నేర్పాడు. మడిచి బియ్యం డబ్బాలో పెట్టాను. వాళ్ళు మొట్టమొదట చెయ్యి పెట్టింది ఆ డబ్బాలోనే.

నన్ను కూడా సైన్యం వాళ్ళ ఆఫీసుకు పిలిచారు. అధికారి నీ ముగ్గు బల్ల మీద పరిచి, అక్కను పిలిచినంత మర్యాదగా "మ ప్రమోదా, ఈ చుక్కలు ఎంతమంది?" అన్నాడు. మనుషులు కారు, ముగ్గు అన్నాను. ముగ్గంటే ఏమిటన్నాడు. బర్మా మాటల్లో ఎలా చెప్పాలో తోచక సుద్దముక్క అడిగి, ఆ ఆఫీసు నేల మీదే చుక్కలు పెట్టి ఆరు రేకుల పువ్వు వేసి చూపించాను. లేచి దాని చుట్టూ తిరిగి చూసి, "ఇది ఇంకో కోట" అని గుమస్తా చేత రాయించాడు. ఇవి మేం రోజూ గుమ్మం ముందు వేస్తామని చెప్పాను. అదీ రాయించాడు.

అది జనం సరదాగా చూసొచ్చే ఊరని రుజువు పంపు. పుస్తకం, టికెట్టు, మీ దొర సంతకం పెట్టిన ఉత్తరం, ఏది దొరికితే అది. ఏడుపులు రాయకు. రుజువు పంపు.

ప్రమోద


బుస్సుమ్
28 నవంబరు 1988

వదినా,

మళ్ళీ నార్డెన్ వెళ్ళాను. ఈసారి ఒక్కదాన్నే, వానలో. రంగుల బొమ్మలున్న పుస్తకం కొన్నాను. ఫిరంగులు చూపించే చోట టికెట్టు అమ్మే ఆవిడ నా మొహం చూసి, లోపలికి రాకుండా టికెట్టు మాత్రం ఎందుకని అడిగింది. డబ్బులు బల్ల మీద పెట్టి టికెట్టు తీసుకున్నాను. ఆ గోడ మీదికి ఎక్కబుద్ధి కాలేదు. పుస్తకం, టికెట్టు, దొరగారి ఉత్తరం అన్నీ దండాసికి పంపాను.

పసుపు చూసి నీ చెయ్యి ఆగిందా? మా ఆయన పోయిన పదకొండో రోజున నన్ను పీట మీద కూర్చోబెట్టి, నా మొహాన పసుపు, నుదుటి బొట్టు దగ్గరుండి తీయించింది ఎవరు? నాకు ఇరవై ఆరేళ్ళు. అన్నయ్య వద్దన్నాడు. అప్పుడు నీ చెయ్యి ఆగలేదేం? అప్పుడూ పద్ధతే, ఇప్పుడూ పద్ధతే. నీ పద్ధతులు ఎప్పుడూ మా ఇంటి వాళ్ళ మీదే పడతాయి.

గీసింది నేనని నాకు తెలుసు. నువ్వు గుర్తు చేయనక్కర్లేదు. కూరగాయలు తరుగుతుంటే గుర్తొస్తుంది, దొరగారి పిల్లల బట్టలు మడతపెడుతుంటే గుర్తొస్తుంది. ఏడుపులు రాయొద్దన్నావు, అందుకని ఇంతటితో ఆపుతున్నాను.

ఫిబ్రవరి ఇరవై ఆరున నా విమానం. వచ్చి ఆ అధికారికి నేనే చెబుతాను. తాయారు బట్టలు సర్ది సిద్ధంగా ఉంచు. చిమిండైంగ్‌లో గది చూసుకుంటాను, మీ ఇంట్లో దిగను.

జయశ్రీ


అహ్లోన్
18 జనవరి 1989

జయశ్రీకి,

నీ పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చాను. అధికారి ఒక్కో బొమ్మా తిరగేశాడు. విమానంలోంచి తీసిన బొమ్మ దగ్గర ఆగి, నీ ముగ్గును దాని పక్కన పెట్టుకుని, వేలితో కొమ్ములు లెక్కపెట్టాడు. "నిజం కోటే కదా" అన్నాడు. సరదా ఊరని రుజువు చేయబోయి కోట అని రుజువు చేశాం. ఇన్నేళ్ళలో నువ్వూ నేనూ కలిసి చేసిన పని ఇదొక్కటే.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. తప్పు గీసినవాళ్ళదైనా కావాలి, కట్టినవాళ్ళదైనా కావాలి అంటున్నాడు. ఒక కాగితం నా ముందు పెట్టాడు. విదేశంలో ఉన్న జయశ్రీ తిరుగుబాటుదార్ల మనిషి, కంచెలు ఎలా కట్టాలో పటం గీసి పంపింది, అన్నగారు ఏమీ తెలియక కట్టాడు అని ఉంది అందులో. ఆ చేతిరాత నీదేనని నేను సంతకం పెడితే మీ అన్నయ్యను వదిలేస్తారు. పెట్టకపోతే పదేళ్ళు. పెడితే మాత్రం నీ పేరు విమానాశ్రయంలో ఉంటుంది. నువ్వు విమానం దిగిన మెట్ల దగ్గరే పట్టుకుంటారు. ఇక ఈ ప్రభుత్వం ఉన్నన్నాళ్ళూ నువ్వు ఈ గడ్డ మీద కాలు పెట్టలేవు. తాయారును నీ దగ్గరికి పంపుదామన్నా, తల్లి పేరు అలా ఉన్న పిల్లకు పాస్‌పోర్టు ఎవరిస్తారు?

ఆయన్ను రెండుసార్లు చూడనిచ్చారు. రెండోసారి కుడిచేత్తో గ్లాసు ఎత్తలేకపోయాడు. ఏమైందని అడిగితే, "ఏటీ నేదు. మా సెల్లి ఒచ్చేస్తాది కదా, అదొచ్చీసరికి నానిక్కడుంటే బాగోదు" అన్నాడు.

నువ్వంటే నాకు ఏనాడూ ఇష్టం లేదు, నీకూ తెలుసు. పిల్ల కోసం ఈ ఎత్తు వేశానని అనుకుంటావు. అనుకో. సంతకం పెట్టమంటావా, వద్దంటావా? ఒక్క మాట రాయి.

ప్రమోద


బుస్సుమ్
8 ఫిబ్రవరి 1989

ప్రమోదకు,

పెట్టు.

ఒక్క మాట అడిగావు, రాశాను. ఇక మిగతాది కూడా విను. టికెట్టు తిప్పి ఇచ్చేశాను. సర్దుకున్న పెట్టె మళ్ళీ విప్పాను. తాయారుకు కొన్న గౌను, మూడు అంగుళాలు ఎక్కువే ఉండనీ అని కొన్నది, పక్కింటి పిల్లకు ఇచ్చేశాను. దొరసాని నన్ను ఈ ఊళ్ళోనే ముసలివాళ్ళను చూసుకునే చోట పనికి పెట్టింది. పొద్దున్నే ముసలమ్మలకు జుట్టు దువ్వుతాను. నా కూతురి జుట్టు ఎంత పొడుగుందో నాకు తెలియదు.

నువ్వు దొంగవి. నా బిడ్డను దొంగతనం చేశావు. మా అన్న చేతిని అడ్డం పెట్టుకుని, వాడెవడి చేతో కాగితం రాయించి మరీ దొంగతనం చేశావు. మొగుడి కోసం చేశానని నీకు నువ్వు చెప్పుకుంటావు, చెప్పుకో. నేను మాత్రం చచ్చేదాకా దొంగ అనే అంటాను. కాదని రాయకు.

అన్నయ్య ఇంటికొచ్చిన రోజు తాయారు చేత రెండు ముక్కలు రాయించి పంపు. నీ చేతిరాత నాకింక చూడాలని లేదు.

జయశ్రీ


అహ్లోన్
25 మార్చి 1989

జయశ్రీ,

నా చేతిరాత చూడనన్నావు. ఈ ఒక్కసారికి చూడు.

మీ అన్నయ్య ఇంటికొచ్చాడు. ఎప్పుడొచ్చాడో కూడా చెప్పాలి. జనవరి పదకొండున. నీకు ఆ ఉత్తరం రాసింది పద్దెనిమిదిన. నేను రాస్తుంటే ఆయన పక్క గదిలోనే పడుకుని ఉన్నాడు.

ఆ చెయ్యి చూసిన రోజే, తొమ్మిదో తారీఖున, సంతకం పెట్టేశాను. నీకు ఉత్తరం వెళ్ళి జవాబు రావాలంటే రెండు నెలలు. ఆయనకు అన్ని రోజులు లేవనిపించింది. అధికారి కలం ఇచ్చాడు. నేను నీ పేరు కూడా సరిగ్గా చదవలేదు, పెట్టేశాను. ఆయన ఇంటికొచ్చిన వారానికి కూర్చుని నిన్ను అడిగాను. ఎందుకడిగానో చెబుతాను. నువ్వు వద్దంటావనుకున్నాను. వద్దంటే నిన్ను తిట్టుకుంటూ బతికేయొచ్చు. అన్నకంటే తన సుఖమే ఎక్కువైంది చూడు అని నలుగురితో చెప్పుకోవచ్చు. నువ్వు పెట్టు అని రాశావు. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

ఆయనకు ఇదేమీ తెలియదు. "మా సెల్లి పంపిన బుక్కు సూసి ఒదిలేసేరు" అని వీధంతా చెప్పుకుంటున్నాడు. నువ్వు ఎందుకు రాలేదంటే టికెట్టు దొరకలేదట అన్నాను. మరైతే వచ్చే ఏడాది వస్తుందిలే అని గోడకు సున్నం వేయించాలంటున్నాడు. నీకు చెప్పాలనిపిస్తే ఆయనకు రాసి చెప్పు. వద్దని అడిగే మొహం నాకు లేదు.

మొన్న దండాసి నీ ఉత్తరం తెచ్చాడు. చదివి పొయ్యిలో పెట్టబోయాను. తాయారు వచ్చి చేతిలోంచి లాక్కుంది. అమ్మ ఉత్తరం ఒక్కటీ తనకు చూపించనని దానికి కోపం. దానికి చదవడం నేర్పింది నేనే. కూడబలుక్కుంటూ పైకే చదివింది. పెట్టు అంటే ఏం పెట్టాలని అడగలేదు. జుట్టు మాట దగ్గర ఆగి, జడ ముందుకు వేసుకుని చూసుకుంది. నడుం దాటింది, రాసి పంపమంది. అందుకే రాస్తున్నాను.

తర్వాత ఆ కింది మాటల దగ్గరికొచ్చింది. వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తలెత్తి నన్ను చూసి, "అత్తా, అమ్మ రాసింది నిజిమేనేటి? నన్ను దొంగతనం సేసేవేటి?" అంది.

వసారాలో మీ అన్నయ్య రేడియో పెట్టుకుని ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. వినపడకుండా, దాని దగ్గరగా వంగి, నిజమే అన్నాను.

ప్రమోద